గాల్వేలో ఉన్న మా అమ్మాయికి, కోల్‌కానన్ గురించి

లూకన్, డబ్లిన్
అక్టోబరు మూడో వారం

తల్లీ,

హాలోవీన్ రాత్రి మీ ఇంట్లో అందరికీ కోల్‌కానన్, అదే ఐరిష్ వాళ్ళ మెదిపిన ఉర్లగడ్డ వంటకం, నువ్వే చేస్తానని మాటిచ్చావట. అమ్మ చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. పాలు ఎన్ని, వెన్న ఎంత అని నువ్వు పెట్టిన మెసేజ్‌కి రెండు ముక్కల్లో జవాబు ఇవ్వొచ్చు గానీ నాకు అలా ఇవ్వబుద్ధి కాలేదు. ఇందులో పడేవి ఉర్లగడ్డలు, ఆకు, ఉల్లికాడలు, పాలు, వెన్న, ఉప్పు. అంతే. మసాలా లేదు, తాలింపు లేదు. గడ్డ సరిగ్గా లేకపోయినా, నీళ్ళు మిగిలిపోయినా కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఎలాగూ నీకు పార్సిల్ పంపాలి, అందులోనే ఈ ఉత్తరం పెడతాను.

మొదట గడ్డ సంగతి. ఈ వంట సగం అంగట్లోనే అయిపోతుంది.

మా చిన్నప్పుడు కడపలో ఉర్లగడ్డ అంటే ఉర్లగడ్డే. సంతలో కుప్ప పోసి ఉండేది, మీ జేజి మెత్తబడినవి ఏరి పక్కకి నెట్టి మిగతావి తూకం వేయించేది. దానికో జాతి, పేరు ఉంటాయని ఎవరికీ పట్టేది కాదు. ఈ దేశంలో సంచి మీద జాతి పేరు పెద్దక్షరాలతో ఉంటుంది. జనం ఆ పేరు చూసే కొంటారు, ఏది మంచిదని గంటలకొద్దీ వాదించుకుంటారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో బస్టాపులో ఇద్దరు పెద్దవాళ్ళు ఆ ఏడాది గడ్డ బాగా పిండి కట్టలేదని బాధపడుతుంటే విన్నాను. అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు నేనూ ఆ మాటే మాట్లాడుతున్నాను.

నీకు కావాల్సింది పిండి గడ్డ. ఇక్కడ ఫ్లౌరీ అంటారు. ఉడికితే లోపల పొడిపొడిగా విడిపోవాలి, తొక్క పగిలి నవ్వాలి. రూస్టర్ తీసుకో. తొక్క ఎర్రగా, లోపల లేత పసుపుగా ఉంటుంది, ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. కార్లో దగ్గర ఓక్ పార్క్‌లో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన జాతి అది. 1990ల మొదట్లో రైతుల చేతికి వచ్చింది, ఇప్పుడు ఐర్లండ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా పండేది అదే. కెర్స్ పింక్ దొరికితే రుచి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. గులాబీ రంగు తొక్క, లోతైన కళ్ళు, అందుకని తోలు తీయడం కాస్త విసుగు. గోల్డెన్ వండర్ అని ఇంకో పాత రకం ఉంది, దానికి ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. కానీ అది మహా పొడి గడ్డ, కనిపెట్టుకుని ఉండకపోతే నీళ్ళలోనే చెదిరి గంజి అయిపోతుంది. మొదటిసారి దాని జోలికి పోవద్దు.

చిన్నచిన్న బేబీ గడ్డలు, నున్నగా మెరిసే సలాడ్ గడ్డలు వద్దు. వాటిలో నీళ్ళు ఎక్కువ, పిండి తక్కువ. ఉడికినా లోపలి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి, మెత్తగా చేయాలంటే బలం పెట్టాలి, బలం పెడితే జిగురొస్తుంది. పిండి గడ్డలో కణాలు ఉడకగానే ఉబ్బి వాటంతటవే విడిపోతాయి. వెన్న, పాలు ఆ సందుల్లోకి పోతాయి. నువ్వు బయాలజీ చదివినదానివి, నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆ చలికి పిండి కొంత చక్కెరగా మారుతుంది, రుచి తేడాగా తియ్యబడుతుంది. వెలుతురు తగలని అలమరలో కాగితం సంచిలో ఉంచు. ఎక్కడైనా పచ్చగా మారిన గడ్డ కనిపిస్తే పారెయ్యి, అది ఒంటికి మంచిది కాదు.

అయిదుగురికి కిలోన్నర గడ్డలు తీసుకో. అన్నీ ఇంచుమించు ఒకే సైజువి ఏరుకో, అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. మన్ను పోయేలా రుద్ది కడుగు, తోలు మాత్రం తియ్యకు, కొయ్యకు. తోలుతో ఉడికిస్తే నీళ్ళు లోపలికి పోవు. కోసి ఉడికిస్తే ప్రతి ముక్కా నీళ్ళు తాగుతుంది, రుచి నీళ్ళలోకి పోతుంది. గిన్నెలో చల్లనీళ్ళు పోసి, గడ్డలు వేసి, ఒక పెద్ద చెంచాడు ఉప్పు వేసి అప్పుడు పొయ్యి వెలిగించు. మరిగే నీళ్ళలో వేస్తే పైభాగం ఉడికి పగులుతుంది, నడుమ ఇంకా గట్టిగానే ఉంటుంది.

మరగడం మొదలయ్యాక మంట తగ్గించి ఒక 15 నిమిషాలు ఉంచు. అప్పుడు గిన్నెలో అంగుళం నీళ్ళు మిగిలేలా మిగతావి వంపేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద ఇంకో 10, 15 నిమిషాలు ఆవిరికి మగ్గనివ్వు. మా పక్కింటి గ్రానీ పద్ధతి ఇది. గడ్డల సైజుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, కాబట్టి గడియారాన్ని నమ్ముకోకుండా కత్తి మొన గుచ్చి చూడు. అడ్డు లేకుండా దిగాలి. దిగగానే మిగిలిన నీళ్ళు వంపేసి, మూత తీసి, గిన్నె మీద శుభ్రమైన పొడి తువ్వాలు కప్పి అయిదు నిమిషాలు వదిలెయ్. గడ్డల్లోంచి వచ్చే ఆవిరి ఆ గుడ్డలోకి పోతుంది. ఈ అయిదు నిమిషాలూ ఎంత ఆకలేసినా దాటెయ్యొద్దు. గడ్డలో మిగిలిన నీళ్ళు ఎంత తగ్గితే వెన్నకీ పాలకీ అంత చోటు దొరుకుతుంది.

తోలు వేడి మీదే తియ్యాలి. ఒక గడ్డని ఫోర్కుకి గుచ్చి పట్టుకుని, చిన్న కత్తితో లాగితే పొరలా వచ్చేస్తుంది. చల్లారాక తీద్దామనుకుంటే గడ్డ బిగుసుకుంటుంది, మెదిపినా ఉండలు మిగులుతాయి. మీ ఇంట్లో ఇంకో ఇద్దరిని పిలిచి తలా నాలుగు గడ్డలు అప్పజెప్పు.

ఇప్పుడు మెదపడం. నీకు సంగటి గెలకడం వచ్చు కాబట్టి ఇది జాగ్రత్తగా విను. వడ్డించేటప్పుడు రెండూ ఒకటే, వేడి ముద్ద మధ్యలో గుంట చేసి సంగటికి నెయ్యి, దీనికి వెన్న. చేసేటప్పుడు మాత్రం రెండూ ఎదురుబొదురు. సంగటిని కట్టెతో ఎంత గట్టిగా గెలికితే అంత నున్నగా, సాగేలా వస్తుంది, మనకి కావాల్సిందీ అదే. ఈ గడ్డని అలా గెలికావో, కణాలు చితికి లోపలి ఉడికిన పిండి బయటికొచ్చి అంతా బంకలా తయారవుతుంది. ఒకసారి బంక అయ్యాక ఎంత వెన్న వేసినా మళ్ళీ బాగుపడదు. కాబట్టి మిక్సీ వద్దు, బ్లెండర్ అసలే వద్దు. పైనుంచి కిందికి నిదానంగా నొక్కుతూ పోవాలి. తిప్పకూడదు. ఉండలు పోయాయనిపించగానే ఆపెయ్యాలి.

మీ ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ మాషర్ వంగిపోతోందని అన్నావు కదా, పార్సిల్‌లో మన పప్పుగుత్తి పెట్టాను. కొత్తది కాదు, ఇన్నేళ్ళూ నేను వాడుతున్నదే. ఈ పనికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. గ్రానీ మన వంటింట్లో మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్ళమ్మ దగ్గర ఇంతకంటే చాలా పెద్దది, నిలబడి రెండు చేతులతో దంచేది ఉండేదని చెప్పింది. డోనెగాల్‌లో వాళ్ళది పెద్ద సంసారం. ఆ పొడుగు కట్టెని బీటిల్ అంటారు. ఇనప కుండ నేల మీద పెట్టి, ఇంట్లో బలమున్నవాళ్ళు దంచుతుంటే ఇంకొకరు పాలు పోసేవాళ్ళట.

పాలు వేడివే పోయాలి. 300 మిల్లీలీటర్ల వెన్న తీసెయ్యని పాలు గిన్నెలో పోసి, ఎనిమిది ఉల్లికాడలు సన్నగా తరిగి, పచ్చ భాగం కూడా కలిపి వేసి, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు కాగనివ్వు. మీ వైపు సంతలో స్కాలియన్స్ అని అడుగు. పాలు పొంగకూడదు. కాడల పచ్చి వాసన పోయి పాలకి ఆ రుచి దిగుతుంది. చల్లటి పాలు పోస్తే గడ్డ వెంటనే బిగుసుకుని ముద్దలు కడుతుంది. మెదిపిన గడ్డలో ముందు 100 గ్రాముల వెన్న వేసి కలుపు, తర్వాత పాలు కొంచెం కొంచెంగా పొయ్యి. అన్ని పాలూ పట్టకపోవచ్చు, ఒక్కో సంచిలో గడ్డ ఒక్కోలా ఉంటుంది. గరిటెతో తీస్తే ముద్దగా నిలబడాలి, జారిపోకూడదు. అక్కడ ఆపు.

ఇంతవరకూ చేస్తే అది చాంప్. ఉత్తరాన అల్‌స్టర్ వైపు ఇంతే తింటారు. కోల్‌కానన్ కావాలంటే ఆకు కలపాలి. వంకీల అంచుల కేల్ అనే ఆకుకూర 300 గ్రాములు తీసుకుని, మధ్యలో గట్టి కాడ చీల్చి పారేసి, ఆకుని సన్నగా తరుగు. బాగా మరిగే ఉప్పునీళ్ళలో మూత లేకుండా అయిదారు నిమిషాలు ఉడికించి వడకట్టి, గరిటెతో అదిమి నీళ్ళన్నీ పిండెయ్. పైన గడ్డలోంచి తీసిన నీళ్ళన్నీ ఆకుతో మళ్ళీ తిరిగొస్తే పడ్డ శ్రమంతా పోతుంది. పిండిన ఆకుని చిన్న ముక్క వెన్నతో కలిపి, అప్పుడు గడ్డలో వేసి రెండు మూడుసార్లు పైపైన తిప్పితే చాలు. ఆకు పచ్చగా, గడ్డ తెల్లగా విడివిడిగా కనిపించాలి. ఉప్పు చూసుకో, తెల్ల మిరియాల పొడి కొంచెం చల్లు.

కేల్ శనివారం సెయింట్ నికోలస్ చర్చి పక్కన జరిగే సంతలో కొను. చుట్టుపక్కల పండించినవాళ్ళే తెచ్చి అమ్ముతారు. మంచు పడిన తర్వాత కేల్ రుచి తియ్యగా మారుతుంది, అక్టోబరు చివర కొంచెం తొందరే అయినా లేతగా ఉంటుంది. దొరక్కపోతే ముడతల ఆకుల సవాయ్ క్యాబేజీ సగం తీసుకో. దానితోనూ చాలా ఇళ్ళలో చేస్తారు, తక్కువేమీ కాదు.

వెన్న సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఉప్పు వెన్నే కొను. 227 గ్రాముల కడ్డీ ఒకటి చాలు, సగం లోపల కలిపేదానికి, మిగతాది ఆకుకీ గుంటలకీ. ఇక్కడి వెన్న అంత పసుపుగా ఎందుకుంటుందని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. ఆవులు ఏడాదిలో ఎక్కువ నెలలు బయట పచ్చగడ్డి మేస్తాయి, గడ్డిలోని కెరోటిన్ పాల కొవ్వులోకి దిగుతుంది. 18, 19వ శతాబ్దాల్లో ఈ వెన్న కార్క్ రేవు నుంచి సముద్రాలు దాటి పోయేది. అక్కడి బటర్ ఎక్స్‌ఛేంజ్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న సంత. కానీ చిన్న కమతాల్లో ఆవుని మేపినవాళ్ళు చాలామంది ఆ వెన్న తినలేదు. వెన్న, పంది అమ్మి భూస్వామికి కౌలు కట్టేవాళ్ళు. వెన్న తీయగా మిగిలిన మజ్జిగ, గడ్డలు వాళ్ళ భోజనం. అలాంటి ఇంట్లో పండగ పూట కంచంలో గుంట చేసి, దాని నిండా వెన్న పెట్టారంటే అది ఎంత పెద్ద సంగతో ఊహించుకో. కాబట్టి వడ్డించేటప్పుడు పిసినారితనం చెయ్యొద్దు. ప్రతి కంచంలో వేడివేడి ముద్ద, నడుమ గుంట, గుంటలో పెద్ద ముక్క వెన్న. అంచు నుంచి ఫోర్కుతో తీసి కరిగిన వెన్నలో ముంచి తినాలి, గుంట గోడ చివరిదాకా విరగకుండా.

నేను ఏ కూరైనా తాలింపు లేకుండా దించనని నీకు తెలుసు. మీ ఇంట్లో ఉన్న మలయాళీ అమ్మాయి పచ్చిమిర్చి వేద్దామంటుంది, నీకూ ఆవాలు, కరివేపాకు చిటపటలాడించాలని చెయ్యి లాగుతుంది. ఈ ఒక్కసారికి వద్దు తల్లీ. ముందు వాళ్ళు తిన్నట్టు తిను. ఒకరి వంటని మొదటి ముద్దకే మన రుచికి మార్చేసుకుంటే వాళ్ళు ఇన్ని తరాలుగా ఏ రుచి కోసం దీన్ని చేసుకుంటున్నారో మనకి ఎప్పటికీ తెలియకుండా పోతుంది. నోరు చప్పబడితే మామిడికాయ ఊరగాయ పక్కన పెట్టుకోండి, పార్సిల్‌లో ఒక సీసా ఉంది. వచ్చే నెలలో కావాలంటే జీలకర్ర, ఎండుమిర్చి తాలింపుతో ఇంకోసారి చేసుకో, నేనే రెసిపీ చెబుతాను.

నాకు ఈ పట్టింపు ఎందుకో నీకు గుర్తుండకపోవచ్చు. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ హాస్పిటల్‌లో ఉంటే నేనూ నువ్వూ ఇంట్లో. మనకి ఇక్కడ చుట్టాలెవరూ లేరు. నువ్వు అమ్మ కావాలని ఏడుస్తూ అన్నం ముట్టలేదు. సాయంత్రం గ్రానీ తలుపు కొట్టి, పైన రేకు కాగితం కప్పిన కంచం చేతికిచ్చింది. లోపల చాంప్. నీకు వేడి చేసి చెంచాతో పెడితే గిన్నె ఖాళీ చేశావు. అమ్మ ఇంటికి వచ్చేదాకా రోజూ ఏదో ఒకటి వచ్చేది ఆ ఇంటి నుంచి. తర్వాత అమ్మ నైట్ డ్యూటీలకి వెళ్ళడం మొదలుపెట్టాక ఆమె మన వంటింట్లోకే వచ్చి నాకు ఇది నేర్పింది. నేను చేసిన సాంబారు ఆమె కూడా నేను పెట్టినట్టే తినేది, కారం తగ్గించమని ఎప్పుడూ అడగలేదు. పక్కన నీళ్ళ గ్లాసు మాత్రం పెట్టుకునేది. నువ్వు వండిన రోజు ఆమెకి ఒక ఫోటో పంపు. ఫోన్ చేస్తే ఇంకా మంచిది, ఈమధ్య వినికిడి కొంచెం తగ్గింది, గట్టిగా మాట్లాడు.

హాలోవీన్‌కే ఇది ఎందుకు చేస్తారని మీ ఇంట్లో ఎవరైనా అడుగుతారు. నవంబరు 1 సకల పునీతుల పండగ. దానికి ముందు రోజు క్యాథలిక్కులు పూర్వం మాంసం తినేవాళ్ళు కాదు. అప్పటికి గడ్డల పంట ఇంటికొచ్చి ఉంటుంది, పెరట్లో ఆకు ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి కోల్‌కానన్, చాంప్, తురిమిన గడ్డతో చేసే బాక్స్‌టీ అట్టు, ఎండుద్రాక్షల బ్రాక్ రొట్టె. పెద్ద గిన్నెలో ఉంగరం, నాణెం, గుండీ, కుట్టుపని వేలి తొడుగు దాచేవాళ్ళు. ఉంగరం దొరికినవాళ్ళకి ఆ ఏడాది పెళ్ళి, నాణెం దొరికితే డబ్బు. గుండీ వచ్చిన అబ్బాయికీ, తొడుగు వచ్చిన అమ్మాయికీ ఇంకా పెళ్ళి కాదని అర్థం. పెళ్ళి కాని ఆడపిల్లలు మొదటి ముద్ద, చివరి ముద్ద మేజోడులో వేసి తలుపుకి వేలాడదీసేవాళ్ళట, ఆ తలుపులోంచి ముందు ఎవరొస్తే అతనే మొగుడు. అల్‌స్టర్‌లో కొన్నిచోట్ల హాథార్న్ చెట్టు కింద దేవకన్యలకని ఒక గిన్నె చాంప్ పెట్టొచ్చేవాళ్ళు. మీరు నాణెం ఆట ఆడదలచుకుంటే నాణేన్ని మరిగే నీళ్ళలో కడిగి, బేకింగ్ కాగితంలో బాగా చుట్టి పెట్టండి. తినే ముందే అందరికీ చెప్పండి. పన్ను విరిగితే ఇక్కడ డెంటిస్ట్ దగ్గర ఎంతవుతుందో తెలుసు కదా.

ఇంకొక మాట, ఇది వంట గురించి కాదు గానీ దానికి విడదీయలేనిది. మీ ఇంట్లో ఒక అమ్మాయిది మేయో జిల్లా అన్నావు. ఐర్లండ్ వాళ్ళనీ ఉర్లగడ్డనీ కలిపి జోకులు వేసేవాళ్ళు యూనివర్సిటీలో బోలెడంతమంది కనిపిస్తారు. నువ్వు ఆ జోకుల్లో కలవద్దు.

1845కి ముందు ఇక్కడి కూలీ రోజుకి 5, 6 కిలోల గడ్డలు తినేవాడు. వేరే ఏమీ లేక. ఉన్న కాస్త నేల చెక్కలో అంతమంది కడుపు నింపే పంట ఇంకొకటి లేదు. పేదలు వేసింది చాలావరకు లంపర్ అనే ఒకే జాతి. 1845 శరదృతువులో తెగులు వచ్చింది. ఆకులు నల్లబడి, తవ్వితే గడ్డలు భూమిలోనే కుళ్ళి కంపు కొట్టేవి. తర్వాతి ఏడాది పంట దాదాపు పూర్తిగా పోయింది. ఆ కొద్ది ఏళ్ళలో ఆకలికీ, జ్వరాలకీ సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1841 జనాభా లెక్కల్లో ఈ దీవిలో 82 లక్షల మంది దాకా ఉన్నారు. 1851కి 65 లక్షలు. ఈరోజుకీ దీవి మొత్తం కలిపినా ఆ పాత సంఖ్య రాలేదు. అన్ని చావుల మధ్య కూడా రేవుల నుంచి ఓట్స్, పశువులు ఓడల్లో ఇంగ్లండ్‌కి పోతూనే ఉన్నాయి.

మన కడప వాళ్ళకి ఈ కథ కొత్త కాదు. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఎండిపోయి జనం దారుల పక్కన పడి చనిపోతుంటే మన దేశపు ధాన్యమూ రేవులు దాటింది. అక్కడా ఇక్కడా పాలించింది ఒకే ప్రభుత్వం. మా అబ్బ వాళ్ళ తాతల కాలం నాటి ఆ కరువు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాడు. గ్రానీ కూడా తమ కరువు గురించి మాట్లాడేటప్పుడు అలాగే మాట్లాడుతుంది.

నీకు డూలఖ్ గుర్తుందా? లూయిస్‌బర్గ్ నుంచి కొండల మధ్యగా లీనాన్ వైపు కారులో వెళ్తూ సరస్సు పక్కన రాతి శిలువ దగ్గర ఆగాం. 1849 మార్చిలో కరువు సాయం మీద బతుకుతున్న జనాన్ని తనిఖీకి రమ్మని, తర్వాత డెల్ఫీ లాడ్జ్ దాకా రమ్మన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళు ఆ కొండదారిలో చలిలో నడిచి వెళ్తే వట్టి చేతులతో పంపేశారు. తిరిగి వచ్చే దారిలో ఎందరో పడిపోయారు. ఆ జ్ఞాపక చిహ్నం మీద గాంధీ గారి మాట చెక్కి ఉంది, తోటి మనుషుల్ని అవమానించి మనిషి తనకు గౌరవం దక్కిందని ఎలా అనుకోగలడని. నువ్వే ముందు చూసి "నాన్నా, ఇక్కడ గాంధీ తాత పేరుంది" అని అరిచావు. అది మేయో జిల్లానే. మీ ఇంట్లో ఆ అమ్మాయి పెద్దవాళ్ళు ఆ చుట్టుపక్కల వాళ్ళే అయి ఉండొచ్చు. నువ్వుగా ఆ విషయం ఎత్తక్కర్లేదు. తను చెబితే విను.

మళ్ళీ వంటింట్లోకి వస్తాను. మీ ఇంట్లో పొయ్యి మీద రెండు గిన్నెలే పడతాయి కాబట్టి వరస చూసుకో. గడ్డలు ఆవిరికి మగ్గుతున్నప్పుడు పక్క పొయ్యి మీద ఆకు ఉడికించు, అది దించాక పాలు కాచు. అందరూ చేరడం ఆలస్యమైతే గిన్నెని వేడినీళ్ళ గిన్నె మీద పెట్టి మూతపెట్టు, అరగంట బాగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో పదేపదే వేడి చేస్తే ఎండిపోతుంది.

ఆకు కలిపే ముందే రెండు గరిటెల గడ్డ విడిగా తీసి దాచుకో. మర్నాడు అది 400 గ్రాములుంటే 100 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు కలిపి, తక్కువగా పిసికి, అరచెయ్యి మందాన తట్టి, నాలుగు ముక్కలుగా కోసి వెన్నతో పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చు. పొటాటో కేక్స్ అంటారు, పొద్దున్న గుడ్డుతో తింటే మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు. మిగిలిన కోల్‌కానన్‌ని కూడా పెనం మీద పలచగా పరిచి అడుగు మాడకుండా ఎర్రగా వేయించుకోవచ్చు. నాకైతే మొదటి రోజు కంటే అదే ఎక్కువ ఇష్టం. ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచొద్దు.

పార్సిల్‌లో పప్పుగుత్తి, ఊరగాయ సీసా కాక నీ ఉన్ని సాక్సులు, అమ్మ చేసిన నువ్వుల ఉండలు ఉన్నాయి. నువ్వుల ఉండలు అందరికీ పంచు. సీసా మూత టేపుతో బిగించాను, తీసేటప్పుడు సింకు మీద పెట్టి తియ్యి. హాలోవీన్ రాత్రి అమ్మకి డ్యూటీ ఉంది, తమ్ముడు వాళ్ళ ఫ్రెండ్స్‌తో వీధిలో తిరుగుతాడు, నేను ఇంట్లోనే ఉంటాను. గడ్డలు పొయ్యి మీద పెట్టాక ఏదైనా డౌట్ వస్తే వీడియో కాల్ చెయ్యి, గిన్నెలోకి కెమెరా పెట్టి చూపించు, సరిపోయిందో లేదో చెబుతాను.

మీ నాన్న